బొట్టు చాటు ముల్లు

నలభై నిమిషాలు. అంతకు మించి ఒక్క ఫిల్టరూ నిలవడం లేదు.

మేడ్చల్ పారిశ్రామికవాడలోని ఆ తవుడు నూనె రిఫైనరీలో, ముడి నూనె యూనిట్‌లోకి వెళ్లే దారిలో రెండు ఫిల్టర్లున్నాయి. ఒకటి నడుస్తుంటే రెండోదాన్ని కడిగి సిద్ధంగా పెడతారు. మామూలుగా ఒక్కోటి రోజంతా లాగుతుంది. ఇప్పుడు రెండోది కడగడం పూర్తికాకుండానే మొదటిదాని ప్రెజర్ ముల్లు ఎర్ర గీత దాటుతోంది. దసరా వెళ్లిన మూడోనాటి నుంచీ ఇదే వరస.

"కొత్త మిల్లు నూనె కూడా దసరా మర్నాడే మొదలైంది. ఇంకా వెతకడానికేముంది?" అన్నాడు ప్లాంటు మేనేజరు రఘునందన్. "ఆ నూనె బాగుందని సంతకం పెట్టింది నువ్వేనమ్మా యమునా. సాయంత్రం నాలుగు దాకా టైమిస్తున్నా. అప్పటికీ దారికి రాకపోతే గేటు బయటున్న ఆ మిల్లు ట్యాంకర్లు మూడూ వెనక్కి పంపేస్తా. నువ్వు మళ్లీ ల్యాబులో కూర్చుందువుగాని."

యమున ఈ యూనిట్ ఇన్‌ఛార్జి కుర్చీ కోసం ఆరేళ్లు ల్యాబులో సీసాలు కడిగింది. కుర్చీ దక్కి రెండు నెలలే.

గడియారం పది దాటింది.

ఆపరేటరు శ్రీనివాస్ విప్పిన ఫిల్టరు ముందు గొంతుక్కూర్చుని, గుడ్డ మీది ముద్దను చెక్కతో గీకుతున్నాడు.

"మస్తు పరేషాన్ జేస్తాంది మేడం. నా చేతులు జూడు, మా ఇంటామె దోశెల పిండి కలిపినట్టున్నయ్."

"ఏందన్నా ఈ ముద్ద? పొట్టా, మట్టా?"

"తవుడు పొట్టేనంటున్నడు సారు. కొత్త మిల్లోళ్లు జల్లెడ సక్కగ పట్టలేదంట."

యమున ముద్దను వేళ్ల మధ్య నలిపింది. పొట్టు గరగర లేదు. జారిపోతోంది. అప్పుడే క్యాంటీన్ నుంచి పొగలు కక్కే టీ వచ్చింది. ఆమె చిటికెడు ముద్ద తీసి స్టీలు గ్లాసుకు బయటవైపు అంటించింది.

"అయ్యో, చాయ్ ఖరాబ్ జేస్తివి గద!"

"లోపల కాదన్నా, బయటనే. సూడు."

ముద్ద మెత్తబడింది. కరిగింది. నూనె చుక్కయి గ్లాసు మీదుగా కిందికి జారింది. పొట్టు వేడికి కరగదు. మట్టి అసలే కరగదు.

"మైనం!" అంది యమున.

తవుడు నూనెలో మైనం ఉండనే ఉంటుంది. నూనె వేడిగా ఉన్నంతసేపు అందులో కలిసిపోయి ఉంటుంది, చల్లబడితే పేరుకుంటుంది. అందుకే ముడి నూనె ట్యాంకును ఆవిరితో డెబ్బై డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఆమె లాగ్‌బుక్ తిప్పింది. గంట గంటకూ డెబ్బై, డెబ్బై, డెబ్బై. వారం రోజులుగా ఒక్క డిగ్రీ అటూ ఇటూ కాలేదు.

"ఇంత సక్కగ ఎట్లుంటదన్నా? నడువు, ట్యాంకు కాడికి."

ట్యాంకు నుంచి వచ్చే గొట్టం మీద చేయి వేసింది. చుర్రుమనాల్సింది, చల్లగా ఉంది. పక్కనే ఆవిరి వాల్వు చుట్టూ ఎండిన బంతిపూల దండ. టెంపరేచర్ గేజ్ అద్దం నిండా పసుపు, మధ్యలో ఇంత లావు కుంకుమ బొట్టు. ముల్లు కనబడే దారే లేదు.

"మరి డెబ్బై అని ఎట్ల రాసినవ్?"

శ్రీనివాస్ తల గోక్కున్నాడు. "ఎప్పుడూ గంతనే ఉంటది గద మేడం. పూజల పెట్టిన బొట్టును ఎట్ల తుడుస్తం?"

"వాల్వు?"

"వేడికి పూలు వాడిపోతున్నయని ఆయుధ పూజ నాడు నేనే బంద్ జేసిన. జానకీదేవమ్మేమో తానొచ్చి తీసేదాంక ముట్టొద్దన్నది. ఇగ రానేలేదు."

జానకీదేవి ఓనరు తల్లి. ఏటా ప్లాంటులో ఆయుధ పూజ ఆమె చేతుల మీదుగానే జరుగుతుంది. యమున అక్కడికక్కడే ఫోను కలిపింది.

"ఇంకా తియ్యలేదా?" ఫోనులోంచి పెద్దావిడ గొంతు ఖంగుమంది. "షామీర్‌పేటల బిడ్డ ఇంటికొచ్చి మర్చేపోయిన. నేను ముట్టొద్దన్నది పూలను! మిషిన్లను పండబెట్టమన్ననా? దండం బెట్టుకొని తీయుండ్రి, జల్దీ!"

శ్రీనివాస్ దండను కళ్లకద్దుకుని తీశాడు. వాల్వును మెల్లగా తిప్పాడు. ఆవిరి బుస్సుమంటూ గొట్టంలోకి దూకింది. యమున చున్నీ కొంగుతో అద్దం తుడిచింది.

ముల్లు ముప్పై ఒకటి దగ్గర ఉంది.

ఒంటిగంటకు నలభై ఐదు డిగ్రీలు. ఈలోగా ఫిల్టరు మూడుసార్లు మూసుకుపోయింది. రఘునందన్ వచ్చి చూసి, "ట్యాంకర్ల వాళ్లకి చెప్పేయమంటావా?" అన్నాడు.

"నాలుగు దాకా టైమిచ్చారు కదా సార్," అంది యమున, ముల్లు మీంచి కళ్లు తిప్పకుండా.

మూడింటికి అరవై నాలుగు. కడిగిన ఫిల్టరు ఎక్కించారు. పది నిమిషాలు. ఇరవై. నలభై! ప్రెజర్ ముల్లు కదల్లేదు. యాభై ఐదు నిమిషాలకు రఘునందన్ వచ్చి, నమ్మకం కుదరక వేలితో అద్దాన్ని తట్టాడు. ముల్లు కిందనే, హాయిగా నిద్రపోతున్నట్టుంది.

"అయితే ఆ మిల్లు నూనె..."

"నేను సంతకం పెట్టిన నూనె సార్. భేషుగ్గా ఉంది."

అతను గబగబా గేటు దాకా నడిచి, తానే చెయ్యూపుతూ మూడు ట్యాంకర్లనూ లోపలికి పిలిచాడు. ఇంజన్లు గర్జించాయి.

యమున చల్లారిపోయిన టీ గుటుక్కున తాగి, లాగ్‌బుక్ శ్రీనివాస్ చేతికిచ్చింది.

అతను గేజ్ దగ్గరికి పోయి, అద్దానికి ముక్కు ఆనించినంత పనిచేసి చూశాడు.

"డెబ్బై లేదు మేడం. అరవై ఎనిమిదే."

"గదే రాయన్నా."