ఎర్రచుక్కకు తోక

తుపాకీ మీద దీపం పెట్టుకుని అడవికి పోవడమంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. వేటంటే కన్ను, చెయ్యి, ఓపిక. మధ్యలో బ్యాటరీకి ఏం పని? మా నాన్న వాడిన దుర్బీనే నా తుపాకీ మీద ఉండేది. అందులో కన్ను పెడితే ఒకదాన్నొకటి కోసుకునే రెండు సన్నటి నల్లగీతలు కనబడతాయి. ఆ గీతలు కలిసేచోట అడవిపంది భుజం వచ్చిందంటే చాలు. మా వాల్డ్‌ఫియెర్టెల్ కొండల్లో నా వయసు వేటగాళ్ళు చాలామంది అలాంటివాటితోనే ముసలివాళ్ళయ్యారు. కొత్తగా వస్తున్న, లోపల ఎర్రచుక్క వెలిగే దుర్బీనులు చూసి మేము నవ్వుకునేవాళ్ళం. నేను కొంచెం గట్టిగానే నవ్వేవాణ్ణి.

ఆ నవ్వు పోయిన అక్టోబరులో ఆగిపోయింది. మొక్కజొన్న చేను గట్టున మంచె మీద కూర్చున్నాను. పొద్దు వాలిపోయి, చేను అంచున ఒక పంది వచ్చి నిలబడింది. నల్లటి పంది మీద నల్లటి గీత. గీత ఎక్కడుందో, పంది ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఉండాల్సిన చోటే ఉందిలే అనుకుని కాల్చాను. పంది ఒక్క అరుపు అరిచి చేలోకి దూసుకుపోయింది.

మర్నాడు పొద్దున గెర్లిండె తన కుక్కను తీసుకుని వచ్చింది. గెర్లిండె మా పక్క ఊరి మనిషి, పచ్చి బంగాళాదుంపలా గట్టిది. దెబ్బతిని పారిపోయిన జంతువును నెత్తుటి జాడ పట్టి వెతికే కుక్క మా చుట్టుపక్కల ఆమె దగ్గరే ఉంది. దాని పేరు డిస్టెల్, ఎర్రటి ఒళ్ళు, వేలాడే చెవులు. అది ముళ్ళపొదల్లోకి దూరి పందిని పట్టింది. పంది ఇంకా ప్రాణంతోనే ఉంది. గెర్లిండె తుపాకీ ఎత్తేలోపు అది డిస్టెల్ పక్కటెముకలు చీరేసింది. ఆ కుక్కను చేతులమీద ఎత్తుకుని బండిదాకా నడిచిన దారి నాకు ఇప్పటికీ కలలోకొస్తుంది.

డిస్టెల్ బతికింది. చలికాలమంతా పొయ్యి పక్కన పడుకుని, మంచు కరిగేసరికి లేచి తిరిగింది. నేను అడపాదడపా ఎముకలు తీసుకెళ్ళేవాణ్ణి. గెర్లిండె ఒక్కమాట కూడా అనేది కాదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆమే మా ఇంటికొచ్చింది. గసగసాలు చల్లిన బంగాళాదుంప నూడుల్స్ చేశాను. ఆమె కంచం దగ్గరకు లాక్కుంది కానీ తినలేదు.

"ఆల్బిన్, ఒక మాట చెప్పడానికొచ్చా. నువ్వు కాల్చినదాని జాడ మీదికి డిస్టెల్ ఇక రాదు."

"కోపమొచ్చిందా?"

"కోపమైతే అప్పుడే తిట్టేసి ఊరుకునేదాన్ని. దాని ఒంటిమీద ఆ కుట్లు చూస్తుంటే నాకు ముద్ద దిగట్లేదయ్యా. గీత కనబడే కాల్చావా? నిజం చెప్పు."

నేను కంచంలోని గసగసాలను ఒక పక్కకు నెట్టాను.

"చూశావా. చుక్క వెలిగే దుర్బీను కొనుక్కుని, సరిగ్గా కనబడుతోందని నాకు చూపించు. అప్పుడు పిలిస్తే వస్తాం. లేదంటే తుపాకీ గోడకి తగిలించేసి పుట్టగొడుగులు ఏరుకో."

"అవి కూడా కనబడాలిగా," అన్నాను నవ్విద్దామని. ఆమె నవ్వలేదు.

మా దగ్గర జాడ తీసే కుక్కను సిద్ధంగా ఉంచుకోకుండా పొద్దుగూకే వేళ పంది మీద కాల్చేవాడికి వేటగాళ్ళలో కూర్చునే మొహం ఉండదు. గెర్లిండె రానంటే నా వేట అయిపోయినట్టే. భార్య పోయాక నాకు మిగిలింది ఆ మంచె, ఆ సాయంకాలాలు. అవి కూడా పోతే నేను గోడ గడియారానికి ఎదురుగా కూర్చుని ఏం చెయ్యను?

మరునాడే పట్నంలో తుపాకుల పిఖ్లర్ దుకాణానికి వెళ్ళాను. పిఖ్లర్ నాకంటే చాలా చిన్నవాడు, మాట మెత్తన. బల్లమీద మూడు దుర్బీనులు పరిచాడు. అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే ఎర్రగా వెలిగేది తీసుకుని, చుక్క వెలుగు పెంచే మరను చివరిదాకా తిప్పి కిటికీలోంచి చర్చి గోపురం చూశాను. చుక్క నిప్పుకణికలా మండింది.

"ఇదే ఇచ్చెయ్యి," అన్నాను.

"ఆల్బిన్ గారూ, దుకాణం దీపాల కింద ఏది చూసినా పెళ్ళికూతురే. మూడూ తీసుకెళ్ళండి. సాయంత్రం మంచె మీద చూసి, నచ్చింది ఉంచుకుని మిగతావి తెచ్చివ్వండి."

"నాకు కళ్ళు లేవనుకున్నావా?"

"అబ్బే, మీకు కళ్ళు లేవని ఎవరన్నారు," అని మూడూ సంచిలో పెట్టేశాడు.

ఆ సాయంత్రం గెర్లిండె కూడా మంచె ఎక్కింది. నా మాట మీద నమ్మకం లేదు మరి. ఎక్కేముందు తన పాత నల్లకోటులో గడ్డి కుక్కి, చేను అంచున నిలబెట్టింది. డిస్టెల్ ఆ కోటును వాసన చూసి, ఈ మనుషులకు ఏమైందన్నట్టు ముఖం పెట్టి, మంచె కింద పడుకుంది.

వెలుగు మసకబారేదాకా కూర్చున్నాం. ముందు పెద్దదాన్ని తుపాకీకి బిగించి, మర చివరిదాకా తిప్పి కన్ను పెట్టాను. ఎర్రచుక్క మండింది. కోటు మాయమైపోయింది. దీపం వెలిగించిన గదిలోంచి చీకటి వాకిట్లోకి చూస్తే ఏం కనబడుతుంది? అంతే కనబడింది.

"కోటు కనబడుతోందా?" అంది గెర్లిండె.

"చుక్క బాగా కనబడుతోంది."

"చుక్కని కాలుస్తావా? తగ్గించు."

"తగ్గిస్తే చుక్క కనబడదు."

"తగ్గించమంటున్నా."

తగ్గించాను. కోటు మెల్లగా చీకట్లోంచి పైకి వచ్చింది. కానీ ఇప్పుడు చుక్క వింతగా కనబడింది. గుండ్రంగా లేదు. ఎడమవైపు కిందికి జారిన తోక ఒకటి, ఆ పక్కన వెలిసిపోయిన ఇంకో చుక్క.

"చూశావా, పాడైపోయిన సరుకు అంటగట్టాడు," అన్నాను. "దీని చుక్కకు తోకుంది."

రెండోది బిగించాను. దానికీ తోక. మూడోదానికీ తోకే, అదే పక్కకు, అంతే పొడుగు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మూడూ ఒకే దొంగసరుకు. రేపు వాడి మొహాన కొడతా."

"ఏదీ, ఇలా ఇవ్వు." గెర్లిండె తుపాకీ తీసుకుని చాలాసేపు చూసింది. "గసగసంత చుక్క. చక్కగా గుండ్రంగా ఉంది."

"నీకు అబద్ధాలాడటం కూడా వచ్చా?"

"ఆడలేక మద్దెల ఓడంటావేం? ఎడమకంటితో చూడు."

"నేను కుడికంటివాణ్ణి. పుట్టినప్పట్నుంచీ."

"పుట్టినప్పటి సంగతి నేనడగలేదు. చూడవయ్యా."

తుపాకీ ఎడమ భుజానికి మార్చి, ఇబ్బందిగా మెడ వంచి, ఎడమకన్ను పెట్టాను. గసగసంత ఎర్రచుక్క. గుండ్రంగా. తోక లేదు. వెనక కోటు గుండీలు కూడా కనబడ్డాయి.

నాకు భయమేసింది. పందికి, పిడుగుకు ఎప్పుడూ భయపడలేదు కానీ ఆ గుండ్రటి చుక్కను చూసి భయపడ్డాను. ఇన్నాళ్ళూ తప్పు తుపాకీది, చీకటిది, మా నాన్న దుర్బీనుది అనుకున్నాను. తప్పు నా తలలోనే కూర్చుని ఉంది. కుడికన్ను పోతే ఇక ఏ దుర్బీనూ నన్ను మంచె ఎక్కించలేదు.

"ముసలితనం," అన్నాను. "ఇంతటితో సరి. తుపాకీ గోడకి తగిలించేస్తా."

గెర్లిండె నా వైపు తిరగకుండానే అంది, "ముందు డాక్టరుకి చూపించు. నేనే బండి తోలతా. నువ్వు తోలితే ఏ చెట్టుకో గుద్దేసి, చెట్టుకీ తోకుందంటావ్."

డాక్టరు చిన్న పిల్లలా ఉంది. నా కుడికంట్లోకి వెలుగు వేసి చూసి, శుక్లం బాగా ముదిరిందని చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఎలా చూస్తున్నారండీ?"

"ఊహించి చూస్తున్నాడమ్మా," అంది మూల కుర్చీలోంచి గెర్లిండె.

ఆపరేషన్ తర్వాత కంటి కట్టు విప్పిన పొద్దున నేను ముందు చూసింది కిటికీ బయట ఆకాశం. అంత నీలం నేను చిన్నప్పుడెప్పుడో చూశాను. ఇంటికొచ్చి చూస్తే కిటికీ అంచుల నిండా దుమ్ము, పళ్ళెంలో పాత మరక, నా చేతుల మీద ఇన్ని మచ్చలు. అవన్నీ చూసి సంతోషంతో ఏడ్చాను. ఒంటరిగా ఉండే మనిషి ఏడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కన్ను బాగవగానే పాత పొగరు మళ్ళీ లేచింది. మా నాన్న దుర్బీను తీసి చూస్తే ఆ సన్నటి నల్లగీతలు కత్తిలా కనబడ్డాయి. వెంటనే గెర్లిండెకి ఫోన్ చేశాను. "నాకు ఇక దీపం అక్కర్లేదు, కన్నే బాగుపడింది," అన్నాను.

"కోటు పట్టుకొస్తున్నా," అని పెట్టేసింది.

మళ్ళీ అదే మంచె, అదే గడ్డిమనిషి. పొద్దు ఉన్నంతసేపూ నల్లగీతలు ఠీవిగా నిలబడ్డాయి. నేను మీసం దువ్వుకున్నాను. చీకటి కాస్త చిక్కబడేసరికి అవి కోటులో కలిసిపోయి కనబడకుండా పోయాయి. కొత్త కన్ను కూడా లేని గీతను చూడలేదు కదా. గెర్లిండె సంచిలోంచి పిఖ్లర్ దుర్బీనులు ఒక్కొక్కటే అందించింది.

ఈసారి మర చివరిదాకా తిప్పలేదు. కిందికి తిప్పాను. పెద్దదాని చుక్క ఎంత తగ్గించినా ఇంకా కంటిని గుచ్చుతూనే ఉంది. రెండోది కూడా అంతే, కొంచెం నయం. మూడోది అన్నిటికంటే చిన్నది, దుకాణంలో నేను చేత్తో కూడా ముట్టనిది. దాని చుక్క తగ్గుతూ తగ్గుతూ, ఉందా లేదా అన్నంత దాకా వచ్చి నిలబడింది. చుక్క వెనక గుండీ కనబడింది. గుండీ పక్కన చిరుగు కూడా కనబడింది.

మిగతా రెండూ తిరిగిచ్చేటప్పుడు పిఖ్లర్ అడిగాడు, "ఆ చిన్నదే ఎందుకండీ?"

"వెలగడం ఏదైనా వెలుగుతుంది. తగ్గడం దానికే బాగా తెలుసు," అన్నాను. పిఖ్లర్ నవ్వి నా మాట ఇంకెవరికో చెప్పడానికన్నట్టు తలాడించాడు.

ఆగస్టు చివర మొక్కజొన్న పాలుపోసుకునే వేళ పందులు చేలోకి దిగడం మొదలుపెట్టాయి. రైతులు గోల పెట్టారు. నేను ఒంటరిగా మంచె ఎక్కాను. గెర్లిండె ఇంట్లో ఫోన్ పక్కన పెట్టుకుని, డిస్టెల్ మెడపట్టీ తగిలించి సిద్ధంగా కూర్చుంది. వస్తామని మాటిచ్చింది. ఆ మాట ఎంత బరువైనదో నాకు తెలుసు. ఇంకోసారి గుండు తప్పుచోట పడితే ఆ కుక్క మళ్ళీ ముళ్ళపొదలోకి పోవాలి.

పొద్దు పడమటి కొండ దాటాక ఏడాది వయసున్న పంది ఒకటి ఒంటరిగా బయటికొచ్చింది. చుక్కను కిందికి తగ్గించాను. దాని వీపు మీది వెంట్రుకలు, ఆడుతున్న చెవి, ముందు కాలి వెనక భుజం, అన్నీ కనబడ్డాయి. వెనక పిల్లలేమైనా ఉన్నాయేమోనని వెతికాను. లేవు. అది పక్కకు తిరిగేదాకా ఆగాను. చుక్క భుజం మీద కూర్చుంది. ఈసారి నేను ఏదీ అనుకోలేదు, చూశాను. కాల్చాను.

పంది నిలబడిన చోటే ఒరిగిపోయింది. నేను తుపాకీ దించి గెర్లిండెకి ఫోన్ చేశాను.

బండి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ఆమె కిందికి దూకి, తాడు చేతికి చుట్టుకుంటూ అడిగింది, "ఎటు పోయింది?"

"ఎటూ పోలేదు."

నమ్మలేక ముందుకు నడిచి, పంది దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గుండు తగిలిన చోటు చూసింది. లేచి, దగ్గరలోని స్ప్రూస్ చెట్టు నుంచి రెండు రెమ్మలు విరిచింది. ఒకటి పంది నోట్లో పెట్టింది, చివరి ముద్దగా. రెండోది నెత్తుటికి తాకించి, తన టోపీ మీద పెట్టి నాకు అందించింది. వేటాడినవాడికి మా దగ్గర ఇచ్చే గౌరవం అది.

"వేట శుభం, ఆల్బిన్."

"నీకు నా కృతజ్ఞత," అన్నాను. ఆచారం ప్రకారం అనే మాటే. కానీ ఆ సాయంత్రం మనసారా అన్నాను.

రెమ్మ తీసుకుని రెండుగా విరిచాను. ఒక ముక్క నా టోపీలో గుచ్చుకున్నాను. వంగి, రెండో ముక్కను డిస్టెల్ మెడపట్టీలో పెట్టాను. జాడ తీసి జంతువును పట్టించిన కుక్కకు మాత్రమే దక్కే వాటా అది.

"ఏంటయ్యా ఇది? ఇవాళ అదేం చెయ్యలేదుగా," అంది గెర్లిండె.

"అందుకే పెట్టా. దాన్ని ఆ పొదలోకి పంపక్కర్లేకుండా, నేను కళ్ళతో చూసి కాల్చేట్టు చేశావు."

డిస్టెల్ పక్కటెముకల మీద వెంట్రుకలు మొలవని తెల్లటి గీతలు ఇంకా ఉన్నాయి. గెర్లిండె వాటిమీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంది. తర్వాత పంది వెనక కాళ్ళు పట్టుకుని, "నువ్వు ముందు కాళ్ళు పట్టు," అంది.