పిలిచి తినే పుంజు

గంగులప్ప పుంగనూరు సంతకు పుంజును తీసుకుపోయేది అమ్మడానికి కాదు, అడిగించుకోవడానికి. ఎర్ర పుంజును చంకలో పెట్టుకుని నిలబడితే చాలు, వచ్చేపోయేవాళ్లు రెక్క విప్పి చూసి, కాలు పట్టి చూసి, ధర అడుగుతారు. ఆయన తల అడ్డంగా ఊపుతాడు. ఆ ఊపడంలో ఉన్న సుఖం అమ్మకంలో ఎక్కడుంది!

ఇంట్లో పెట్టలన్నీ భార్య రెడ్డెమ్మవి. రామసముద్రం పక్కన వాళ్ల మెట్ట చేను వానను నమ్మి మోసపోయిన ఏడు కూడా, ఆ పెట్టల గుడ్లే ఇంటికి అన్నం పెట్టాయి. వారం వారం గుడ్ల బుట్టతో ఆమె మదనపల్లె బస్సెక్కేది. పుంజు ఒక్కటే గంగులప్పది, ఆయన సరదా. దాన్ని సంచిలో పెట్టుకుని మదనపల్లె పశువుల ఆస్పత్రికి పోయి, దానికి మాత్రం తెగులు రాకుండా సూది వేయించాడు. పెట్టలకు మళ్లీ చూద్దామన్నాడు. ఆ మళ్లీ రానేలేదు.

ఆ పుంజుకు ఒక గుణం ఉంది. గింజ కనబడితే తాను తినదు. ముక్కుతో ఎత్తి, కింద పెట్టి, కొక్కొక్కొమని పెట్టలను పిలుస్తుంది. అవి తిన్నాకే తాను ముడుతుంది. "ఈ బుద్ధి మనుషుల్లో కూడా లేదప్పా" అని ఊరంతా చెప్పేవాడు గంగులప్ప, ఆ మనుషుల్లో తానూ ఉన్నానని తోచక.

రెడ్డెమ్మది ఒకటే కట్టడి. సంతకు పోయొచ్చిన కోడి గూట్లోకి రాకూడదు. నాలుగూళ్ల కోళ్ల మధ్య తిరిగొచ్చింది కాబట్టి, వారం పాటు దొడ్డి చివర గంప కిందే ఉండాలి.

ఈసారి గంప కింద పుంజు తినలేదు. సద్దలు పోస్తే ఒక గింజ ఎత్తి, కింద పెట్టి పిలిచింది. ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచింది. రెడ్డెమ్మ బస్సెక్కగానే గంగులప్ప గంప ఎత్తి, దాన్ని పెట్టల్లోకి వదిలాడు. ఆమె తిరిగొచ్చేలోగా మళ్లీ మూసేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తెగులు పట్టింది.

మొదట మచ్చల పెట్ట మెడ మెలితిరిగింది. తర్వాత ఒక్కొక్కటే పచ్చగా పారుకుని, రెక్కలు వాల్చి కూలాయి. రెడ్డెమ్మ ఉల్లిగడ్డ దంచి పెట్టింది, పసుపు నీళ్లు పట్టింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, ఇప్పుడు సూది వేసినా లాభం లేదన్నారు. గూడు ఖాళీ అయింది. సూది పడిన పుంజుకు ఈక కూడా రాలలేదు. గుంత తవ్వి, సున్నం చల్లి పూడ్చింది గంగులప్పే.

"గంప ఎత్తినావా?" అంది రెడ్డెమ్మ.

"అది తినల్యా మే..."

"తినకుంటే అదొక్కటే పస్తుండేది. ఇంగ మనం పస్తుండాల."

కొరివితో తల గోక్కోవడం అంటారు. ఆయన గోకింది ఆమె తలను. అది తెలిసి కూడా నోరు ఊరుకోలేదు.

"సంతలో దీన్ని అమ్మేస్తా. కొత్త పిల్లల్ని తెచ్చుకుందాం."

"తెగుల్ని మోసకపోయి ఇంగొక ఆడదాని గూట్లో పెడతావా? అది యాడికీ పోదు. ఈడనే ఉండాల. నువ్వే మేపాల."

పరాయి చేలో ఎన్నడూ నడుం వంచని మనిషి, మర్నాటి నుంచి టమాటా కోతలకు కూలికి పోయింది. ఆమె ఎక్కిన టెంపో మలుపు తిరిగాక గంగులప్ప వాకిట్లో సద్దలు చల్లాడు. పుంజు ఒక గింజ ఎత్తింది. కింద పెట్టింది. కొక్కొక్కొమని, ఖాళీ గూటి వైపు చూస్తూ నిలబడింది.

"ఇంగ నువ్వే తిను" అన్నాడు గంగులప్ప.

అది మళ్లీ పిలిచింది.