రైట్ రైట్

చక్రధర్‌కు పేరులోనే చక్రం ఉంది, ఇక చేతిలో స్టీరింగ్ లేకుండా ఎట్లా ఉంటాడు? తారానగర్‌లో తాతలనాటి పొలం ఉన్నా మనసు మడి మీద నిలవక, మీసం రాని వయసులోనే మేనమామ లారీకి క్లీనర్‌గా ఎక్కేశాడు. గనుల మన్ను మోసీ మోసీ సొంత టిప్పరు కొన్నాడు, ఒక పికప్ బండి కొన్నాడు, కూరెకుప్పలో మిద్దె కట్టాడు. ఘాట్‌లో బ్రేకులు ఫెయిలైన లారీని కూడా చెమట పట్టకుండా దించిన మొనగాడు. అంతటివాడికి ఈ వయసులో భయం పట్టుకుంది. అదీ రోడ్డు మీద కాదు, బళ్ళారి మాల్‌లో, ఏసీ చల్లగాలిలో, ఒక ఆటల మిషన్ ముందు. నవ్వకండి, ముందు వినండి.

ఆయనకు ఒక్కతే కూతురు, హారతి. బళ్ళారిలో డిగ్రీ ఆఖరి ఏడాది. చదువు సంగతి ఎట్లా ఉన్నా పిల్లకు కార్ల ఆటంటే ప్రాణం. మాల్ పై అంతస్తులో నిజం కారు మాదిరే సీటు, స్టీరింగ్, కాళ్ళ కింద బ్రేకు, ఎక్సలేటరు, ఎదురుగా పెద్ద తెర పెట్టిన మిషన్ ఉంది. దాని మీద అందరికన్నా పైన మెరిసే పేరు హారతిదే. ఆమె సీట్లో కూర్చుందంటే కాలేజీ పిల్లకాయలు వెనక గుంపు కట్టి ఫోన్లలో వీడియోలు తీస్తారు. ఆ వీడియోలు ఊరంతా తిరిగి తిరిగి ఒక రోజు తండ్రి ఫోన్‌లోకే వచ్చాయి. తిడతాడేమో అనుకుంది హారతి. ఆయన మురిసిపోయి, నాకూ చూపించు పద అన్నాడు.

చక్రధర్ కుర్రతనంలో బళ్ళారి బస్టాండు పక్కన వీడియో గేమ్ అంగడి ఒకటి ఉండేది. క్లీనర్లంతా అందులో దూరితే ఈయన మాత్రం బయట బీడీ కాల్చుకుంటూ నిలబడేవాడు. నిజం లారీలో తిరిగేవాడికి బొమ్మ బండి ఎందుకు అని ఆయన లెక్క. అట్లాంటిది ఇప్పుడు కూతురి వెనక నిలబడి నోరు తెరుచుకుని చూశాడు. కొండదారి, వాన, మలుపు మీద మలుపు. కారులో కనపడని మనిషెవడో కూర్చుని ముందరి దారి చెబుతున్నాడు. లెఫ్ట్ అంటున్నాడు, రైట్ అంటున్నాడు.

"ఓహో, దీనికీ క్లీనర్ ఉండాడే," అన్నాడు చక్రధర్. "మన రైట్ రైట్ ఈడికి గూడా వచ్చిందా!"

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. హారతి కూడా నవ్వింది. ఆయన వేళాకోళం ఆడాడనుకున్నారు గానీ, పాపం, ఆయన నిజంగానే అన్నాడు. లారీల్లో, బస్సుల్లో పుట్టి పెరిగిన చెవి ఆయనది. ఓల్డాన్ అంటే ఆగు, రైట్ అంటే పో. తిప్పాలంటే కుడికి కొట్టు, ఎడమకు కొట్టు అని తెలుగులోనే చెబుతాడు. రైట్ అనే మాటకు ఇంకో అర్థం ఆయన నోట ఏనాడూ లేదు.

అంతలో తెర మీద కారు బండకు గుద్దుకుని పల్టీలు కొట్టింది. చక్రధర్ ఉలిక్కిపడి సీటు పట్టుకున్నాడు. హారతి కనురెప్ప కూడా కొట్టలేదు. కారు వెలిగీ ఆరీ, వెలిగీ ఆరీ, మళ్ళీ చక్కగా దారి మీదికి వచ్చి నిలబడింది.

గుద్దుకుంటే ఏమవుతుంది అని అడిగాడు. ఏమీ కాదు, మళ్ళీ రోడ్డు మీద పెడుతుంది అంది కూతురు. అంత వేగంలో మలుపులు ఎట్లా తెలుస్తాయి అన్నాడు.

"ఆ గొంతు ఏం చెప్తే నా చేతులు అదే చేస్తాయి నాయనా," అంది హారతి. "నేను ఆలోచన చేసినానంటే ఆడనే గుద్దుకుంటా."

చక్రధర్‌కు అప్పుడు పట్టుకుంది భయం. గుద్దినా బెదరని పిల్ల రేపు నిజం బండి ఎక్కితే? రోడ్డు మీద చచ్చినవాళ్ళను తన చేతులతో ఎత్తినవాడాయన. ఆ భయం ఆయన వెంట కూరెకుప్ప దాకా వచ్చి ఇంట్లో కూర్చుంది.

వారం తిరగకముందే పిల్ల ఎల్లెల్లార్, అదే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, తెచ్చుకుని, పికప్ నేర్పించు నాయనా అని పట్టుబట్టింది. చదువైపోతే సొంతంగా బండి తిప్పుకుంటానంది. తల్లి రామక్క ససేమిరా అంది. నేను కాదంటే ఏ పోకిరి దగ్గరో నేర్చుకుంటుంది, అప్పుడేం చేస్తావని చక్రధర్ భార్య నోరు మూయించాడు. మొదటి రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి కదిలితే ముందరి కుడి టైరు కింద కాయ నలగలేదు, పక్కకు జారి మోరీలో పడింది. రామక్క ముఖం వాడిపోయింది. ఈ రోజు వద్దులెండి అంది. నిమ్మకాయ గుండ్రంగా ఉంటే జారక ఏం చేస్తుందని మొగుడు కసిరాడు గానీ, ఆ కాయ ఆయన కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఆ భయంతోనే కూతురి చేత మాట తీసుకున్నాడు. ఇదే, ఈ ఒక్క మాటే, తర్వాత ఆయన గొంతుకు అడ్డం పడింది.

"ఇది మిషన్ గాదు, ఈడ రెండోసారి లేదు," అన్నాడు. "స్టీరింగ్ పట్టుకున్యాక నీ తెలివి పక్కన పెట్టు. నా గొంతు మాత్రమే వినాల. నేనేమంటే అది, మారు ఆలోచన వద్దు. ఏమ్మా?"

"సరే నాయనా," అంది హారతి. మిషన్ సీట్లో కూర్చుని నేర్చుకున్నది అదే కదా, ఆమెకు కష్టమేమీ కాలేదు.

పిల్ల చెప్పినట్టు విన్నది. పక్కన కూర్చుని తండ్రి నిదానం అంటే నిదానం, బ్రేకు అంటే బ్రేకు. చక్రధర్‌కు గుండె కుదుటపడింది. మిషన్ పిచ్చి వదిలిందిలే అనుకున్నాడు. ఎంత పిచ్చివాడో చూడండి.

ముసురు పట్టి వదిలిన మరునాడు తారానగర్ పొలానికి బయలుదేరారు. హారతే తోలుతోంది. ఎర్రమన్ను తడిసి దారంతా జారుడుగా ఉంది. ఊరికి ఇవతల వంక మీద సన్నటి కల్వర్టు ఉంది. రాత్రి నీళ్ళకు దాని కుడి పక్క సగం కూలిపోయి, కింద బండలు తేలి కనిపిస్తున్నాయి. ఎడమ సగం గట్టిగానే ఉంది. నేరుగా పోనిస్తే బండి దాటుతుంది, కాకపోతే ఎడమ టైరుకూ గట్టు అంచుకూ నడుమ జానెడు కూడా ఉండదు.

చక్రధర్ దిగాడు. నేను తోలతా జరుగు అని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయనలోని పాత క్లీనర్ లేచాడు. డ్రైవరుకు కుడి పక్క తనకే కనిపిస్తుంది, ఎడమ పక్క కనపడదు, అక్కడ క్లీనరే కన్ను. నలభై ఏళ్ళ అలవాటు ఆయనను తీసుకుపోయి బండికి ఎడమ వైపు, వెనక టైరు దగ్గర నిలబెట్టింది. అక్కడి నుంచి కుడి పక్క గుంత కనిపించదు. టైరు వైపు వంగి, అంచు చూసి, ఫరవాలేదనుకుని, బండి పక్క రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"రైట్... రైట్!"

బండి కదిలి కుడికి తిరిగింది.

ఓల్డాన్ అని ఆయన అరిచేసరికే ముందు టైరు గాలిలో ఉంది. పికప్ ఒకసారి ఒరిగి, ఆలోచించినట్టు ఆగి, వంకలోకి బోర్లాపడింది. ఇంజను ఆగిపోయింది. ఇండికేటరు ఒకటి వెలిగీ ఆరీ, వెలిగీ ఆరీ కొట్టుకుంటోంది. చక్రధర్ గట్టు మీద నిలబడి దాన్నే చూశాడు. బండి ఇప్పుడు లేచి దారి మీదికి వస్తుందని, ఒక్క క్షణం, నిజంగా ఎదురుచూశాడు.

హారతి బతికింది. బళ్ళారి ఆసుపత్రిలో డాక్టర్లు వెన్నుపూస ఫొటోలు చూపించి, నడుము కిందికి స్పర్శ వస్తుందని మాట ఇవ్వలేమన్నారు. చూడవచ్చిన చుట్టాలందరికీ చక్రధర్ ఒకటే చెప్పాడు: ఆ ఆటల మిషన్ చెడగొట్టింది, పిల్లకు భయం లేదు, నేను నేరుగా పొమ్మంటే నా మాట వినలేదు. చెప్పిందే చెప్పి ఏడ్చాడు. రామక్క గోడకు తల ఆనించి కూర్చుంది.

పిల్లకు బాగా తెలివి వచ్చాక, ఎవరూ లేని సమయం చూసి మంచం పక్కన కూర్చున్నాడు. ఎందుకు తిప్పినావమ్మా అని అడిగాడు.

"నువ్వు రైట్ అన్యావు గదా నాయనా."

చక్రధర్‌కు అర్థం కాలేదు. "రైట్ అంటే పో అనే గదా తల్లీ."

హారతి పైకప్పు వైపు చూసింది. అవును, బస్సుల్లో అంతే కదా అంది, ఇప్పుడే గుర్తొచ్చినట్టు. తనకూ తెలుసంది, కానీ స్టీరింగ్ పట్టుకున్నాక ఆ మాట వింటే చేతులు వాటంతట అవే తిరిగాయంది.

"గుంత కనపడలేదా నీకు?" అన్నాడు.

"కనపడింది," అంది హారతి. "నా తెలివి పక్కన పెట్టమంటివి గదా."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయన బతికిపోయేవాడు. మందు మత్తుకు మళ్ళీ కళ్ళు మూతలు పడ్డాయి. చక్రధర్ కుర్చీలోనే ఉండిపోయాడు. చుట్టాలందరికీ ఏం చెప్పాడో ఒక్కొక్కటీ గుర్తొచ్చి, ఆయనకు చచ్చిపోదామనిపించింది.

కిటికీ కింద రోడ్డు. ఆసుపత్రి గేటు ముందు సండూరు బస్సు ఆగి జనాన్ని దించుతోంది. తలుపు పడిన చప్పుడైంది. కండక్టరు బస్సు మీద రెండు దెబ్బలు కొట్టి, రైట్ రైట్ అని కేకేశాడు.

దుప్పటి మీద హారతి చేతులు రెండూ కదిలాయి. కళ్ళు మూసే ఉన్నాయి. అక్కడ లేని స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని కుడికి తిరిగాయి. చక్రధర్ లేచి ఆ రెండు చేతులనూ పట్టుకుని నేరుగా నిలపాలని చూశాడు.