ఐదో పళ్ళసెట్టు

ఆ రోజు 2025 మార్చి పదకొండు, మంగళవారం. మధ్యాహ్నం రెండు ఇడ్లీలు పాలల్లో నానబెట్టుకుని, చెంచాతో చిదిపి తిన్నాను. అంతకు ఏడాది ముందే నా నోట్లో ఆఖరి పన్ను తీసేశారు. కట్టుడు పళ్ళు పెట్టించుకుందామని అనుకోవడం, వాయిదా వెయ్యడం జరుగుతూ వచ్చింది. నా భార్య హైమవతి పోయి నాలుగేళ్ళు. ఆవిడ పోయాక నమిలి తినవలసినవేవీ ఇంట్లో వండటం లేదు కాబట్టి పళ్ళ లోటు అంతగా తెలియలేదు.

గిన్నె కడుగుతుంటే తలుపు చప్పుడైంది. పై అంతస్తులో ఉండే శివరాములు, అతని వెనకాల కూతురు ధాత్రి. వాళ్ళది సిరిసిల్లలో నేతపని చేసిన కుటుంబం. శివరాములు అమీర్‌పేటలో లేడీస్ టైలర్ దుకాణం నడుపుతాడు. పంజగుట్టలో మా అపార్ట్‌మెంటుకి వచ్చి ఏడేళ్ళయింది. ధాత్రి దంతవైద్యం ఆఖరి సంవత్సరం చదువుతోంది.

“సార్, మా బిడ్డ మిమ్ముల ఒకటి అడుగుతదట. సిగ్గుపడ్తుంది,” అన్నాడు శివరాములు.

“అడగమ్మా.”

“తాతా, మీకు ఒక్క పన్ను సుత లేదు కదా?”

“ఒక్కటీ లేదు.”

“మస్తు!” అంది, వెంటనే నాలుక కరుచుకుంది.

పళ్ళు లేవని చెబితే ఒక మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. సంగతేమిటంటే, ఆ చదువులో ఒక పద్ధతి ఉంది. ఆఖరి సంవత్సరం విద్యార్థి బోసినోటి వాళ్ళకి ఐదు పళ్ళసెట్లు మొదటినుంచి చివరిదాకా తన చేత్తో చెయ్యాలి. ప్రతి మెట్టు దగ్గరా వాళ్ళ కాలేజీ మేడమ్ చూసి సంతకం పెట్టాలి. పేషంట్లని ఎవరికి వాళ్ళే వెతుక్కోవాలి. అందుకని చుట్టాల పెళ్ళిళ్ళకెళ్ళినా ఆ పిల్లలు పెద్దవాళ్ళ నోళ్ళకేసే చూస్తుంటారట. ధాత్రికి నాలుగు సెట్లు అయ్యాయి. ఐదో పేషంటు మధ్యలోనే నిజామాబాద్ వెళ్ళిపోయాడు. ఏప్రిల్ ఇరవై ఆరులోగా ఐదో సెట్టు మీద సంతకం పడకపోతే వేసవి పరీక్షకి కూర్చోనివ్వరు. ఆరు నెలలు వెనకబడుతుంది.

“పొద్దుగాల లేస్తే గీ గోస ఉండునా?” అన్నాడు శివరాములు. “ఎనిమిదింటి దాక పండుకుంటది సార్. కాలేజీ బస్సు పోతది. ఇగ నేను దుకాణం బంద్ పెట్టి బండి మీద దింపాలె.”

“నాన్నా!”

“అబద్ధమా?”

నేను సరేనన్నాను. కాలేజీ ఊరి చివర. బస్సు పంజగుట్ట చౌరస్తాకి ఆరున్నరకి వస్తుంది. వెళ్ళవలసిన రోజున నేను ఆరుంబావుకల్లా టోపీ పెట్టుకుని, మంచినీళ్ళ సీసాతో లిఫ్టు దగ్గర నిలబడ్డాను. మొదటిసారి ధాత్రి చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల మీంచి పరుగెత్తుకొచ్చింది. రెండోసారి జడ వేసుకుంటూ వచ్చింది. మూడోసారి నాకంటే ముందే వచ్చి ఉంది. “డెబ్భై రెండేళ్ళ మనిషిని నిలవెడ్తే పాపం తాకుతది తాతా,” అంది. ఆ తర్వాత నేను వెళ్ళని రోజుల్లో కూడా ఐదున్నరకి పైన కుళాయి తిప్పిన చప్పుడు వినిపించేది. ఒంటరిగా ఉన్నవాడికి, తెల్లవారేసరికి తలపైన ఒకరు లేచారని తెలియడం ఎంత తోడో చెప్పలేను.

బస్సులో డ్రైవరు నాకు ముందు సీటు ఖాళీగా ఉంచేవాడు. ధాత్రి పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది.

“నాకు ఎంబీబీఎస్ సీటు రాలే తాతా. ఇది దొరికిందని ఇందుల చేరిన. ఫస్టియర్ల మైనంతోని పళ్ళు చెక్కుమంటే ఒక సీనియర్‌తోని చెక్కిచ్చుకొని ఇచ్చిన. ఎవ్వరు పట్టలే.”

“మరిప్పుడో?”

“ఇప్పుడు రోజుకొకటి చెక్కుతున్న. ఎవ్వరు అడుగుతలేరు. గందుకేనేమో, చెక్కబుద్ధయితుంది.”

నా చిగుళ్ళకి అచ్చులు తీయడం రెండుసార్లలో అయింది. మూడోసారి అసలైన పని. నోట్లో పైనా కిందా మైనపు దిమ్మలు పెట్టి, నాలుక వెనక్కి మడిచి మెల్లగా నోరు మూయమంది. కింది దవడ దానంతటది ఎక్కడికి వచ్చి ఆగుతుందో అక్కడే ఆ దిమ్మల్ని అతికించాలి. పళ్ళన్నీ ఆ కొలత మీదే కూర్చుంటాయి.

ఇక్కడ నా తెలివి అడ్డొచ్చింది. నోరు మూసి చూపించాలని ధాత్రి ముందే చెప్పింది కాబట్టి, ముందురోజు అద్దం ముందు నిలబడి సాధన చేశాను. కింది దవడ కాస్త ముందుకు జరిపితే పెదవులు చక్కగా కలుస్తున్నాయి, మొహం కూడా నయంగా కనిపిస్తోంది. పిల్లకి పని సులువవుతుంది కదా అని, కుర్చీలో కూర్చున్నప్పుడు అలాగే జరిపి మూశాను.

“సూపర్ తాతా! ఒక్కసారికే వచ్చింది,” అంది ధాత్రి. వాళ్ళ మేడమ్ డాక్టర్ కమలకుమారి గారు ఆ రోజు హడావిడిలో ఉన్నారు. వచ్చి, చూసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ ఇరవై రెండున ఎర్రటి మైనంలో ఇరవై ఎనిమిది పళ్ళు బారుగా కూర్చోబెట్టి తెచ్చింది. వాటిని గట్టి సెట్టుగా మార్చేముందు నోట్లో పెట్టి సరిచూసుకునే రోజది. అవి పెట్టుకుని ఉండగానే పక్క కుర్చీలో పెద్దావిడ “మీదే ఊరు బాబూ?” అని అడిగారు. “తెనాలండి,” అని నత్తిగా చెప్పి, మామూలుగా నోరు మూశాను.

టార్చి పట్టుకున్న ధాత్రి చెయ్యి ఆగిపోయింది. పై వరస ముందుకి, కింది వరస వెనక్కి. రెంటి మధ్య వేలు దూరేంత సందు.

“మళ్ళ తెరిచి మూయుండ్రి.”

నాకు అద్దం గుర్తొచ్చింది. దవడ ముందుకు జరిపాను. పళ్ళు ఠక్కున కలిశాయి.

“బాగానే ఉందిగా?”

“గట్ల కాదు. గుటక మింగుండ్రి.”

మింగాను. దవడ వెనక్కి పోయింది.

“తాతా, ఆ రోజు మీరు ముందుకు పెట్టిన్రా?”

అద్దం సంగతి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె స్టూలు మీద కూలబడింది.

“తప్పు నాదే. నాలుగైదుసార్లు మూపిచ్చి చూడాలె. ఒక్కసారికే అయిందని ఖుష్ అయిన.”

మేడమ్ హాలు అటు చివరినుంచి ఒక్కొక్క కుర్చీ చూసుకుంటూ వస్తున్నారు. గడువు ఇంకా నాలుగు రోజులు. నేను గొంతు తగ్గించాను.

“అమ్మా, మేడమ్ చూసేటప్పుడు ముందుకే పెడతాను. ఎవరికీ తెలీదు. నువ్వు పరీక్ష రాసుకో. నేనెటూ చిదుపుకునే తింటున్నాను.”

ఆమె వెంటనే కాదనలేదు. అందుకు నేను ఆమెని తప్పు పట్టను. మేడమ్ మూడు కుర్చీల అవతలికి వచ్చారు.

“ఒకసారి పెట్టుండ్రి తాతా,” అంది.

పెట్టాను. టార్చి వేసి చాలాసేపు చూసింది.

“గట్ల ఎంతసేపు పెడ్తరు?”

“ఎంతసేపైనా పెడతాను.”

“తినేటప్పుడు? ఫోన్ల మాట్లాడేటప్పుడు? ఇంటికి పోయినంక దినాం పెడ్తరా?”

దవడ అప్పటికే నొప్పెడుతోంది. ఆమె రెండు వరసలూ మెల్లగా బయటికి తీసి, నీళ్ళ గిన్నెలో పెట్టి, మేడమ్ వచ్చేదాకా ఆగకుండా తనే ఎదురెళ్ళింది. ఏం చెప్పిందో వినపడలేదు. చేత్తో తన దవడని ముందుకీ వెనక్కీ చూపించడం మాత్రం కనిపించింది.

కమలకుమారి గారు నా దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నారు.

“ఏంటి సార్, మా పిల్లకి సాయం చేశారట?”

“అవునండి.”

“ఈసారి ఏ సాయమూ చెయ్యకండి. అదే పెద్ద సాయం.” ధాత్రి వైపు తిరిగారు. “దీనికి రెండు మార్కులు పోతాయి. పోనీలే, కొలత మీద నా సంతకమూ ఉందిగా. నేనూ సరిగ్గా చూడలేదు. శనివారం నాలుగింటికి రికార్డులు మూసేస్తాం. ఆలోగా మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చెయ్యగలవా?”

“చేస్త మేడమ్.”

అందరూ వింటుండగా తన తప్పు కూడా చెప్పుకున్న ఆ పెద్దమనిషిని నేనింకా మరిచిపోలేదు.

ధాత్రి నన్ను ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోబెట్టింది. “ఏం చెయ్యకుండ్రి. ఏం ఆలోచించకుండ్రి,” అంది. ఫ్యాను చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆరుసార్లు గుటక మింగించి, ఆరుసార్లు మూయించి, ఆరుసార్లూ ఒకేచోట ఆగాకనే దిమ్మల్ని అతికించింది. పళ్ళన్నీ ఊడదీసి కొత్తగా కూర్చోబెట్టడం బుధవారం సాయంత్రానికి అయింది. పోయినసారి దానికే పది రోజులు పట్టింది. గురువారం నోట్లో సరిచూసింది. ఆ మూడు రోజులూ చివరి బస్సులోనే ఇంటికొచ్చింది. పొద్దున ఐదున్నరకి కుళాయి చప్పుడు ఒక్కరోజూ తప్పలేదు.

శనివారం మధ్యాహ్నం గట్టి సెట్టు నా నోట్లోకి వచ్చింది. మేడమ్ నన్ను మాట్లాడించారు, మింగించారు, నవ్వించారు. మూడూ నలభైకి సంతకం పెట్టారు. ధాత్రి ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టింది.

ఎనిమిదిన్నరకి తండ్రీ కూతుళ్ళు మా ఇంటికొచ్చారు. శివరాములు చేతిలో గిన్నె.

“మా ఇంటామె కాంతవ్వ సర్వపిండి చేసింది సార్. ఎర్రగ, కరకర. టెస్ట్ చేద్దాం, తినుండ్రి.”

“నాన్నా! వారం దాక మెత్తటివే,” అంటూ ధాత్రి గిన్నె లాక్కుని తనే ఒక ముక్క నోట్లో వేసుకుంది.

“డాక్టరమ్మకు పళ్ళున్నయి, ఫికర్ లేదు,” అన్నాడు శివరాములు. తర్వాత ఆమెకి వినపడకుండా నాతో అన్నాడు. “మేడమ్‌కు తనే పోయి చెప్పిందట గద సార్. నాకైతే భయమైతుండె. ఏం అంటలేను గని.” అతని కళ్ళు తడిగా ఉన్నాయి. దుకాణం తాళం వేశానో లేదో చూసుకోవాలని చెప్పి ముందే వెళ్ళిపోయాడు.

ధాత్రి టార్చి వేసి నా చిగుళ్ళు చూసింది. ఒరుసుకున్న చోటు ఎడమవైపు ఒకటి కనిపిస్తే నోటుపుస్తకంలో రాసుకుంది. మెత్తటి బ్రష్షుతో సెట్టుని కడిగి, గిన్నెలో నీళ్ళు పోసి అందులో ఉంచి, మూత పెట్టింది.

“రోజు రాత్రి గిట్లనే తీసి పెట్టాలె. చిగుర్లకు రెస్ట్ ఉండాలె.”

“రేపు ఆదివారం కదా, నువ్వూ పడుకో.”

“లేదు తాతా, ఐదున్నరకు లేస్త. చదివేది మస్తుంది.”

నేను వాలుకుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆమె హాల్లో పెద్దలైటు ఆపి, చిన్నది వేసింది. ఇంకేదో అడగబోయి నా మొహం చూసి మానుకున్నట్టుంది. చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటి, గడియ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా లాగింది.