ట్యాంకరు కాడ యుద్ధం

మా వీధిలో నీళ్ల ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారంటే దాని పేరు కార్గిల్. ఎవరు పెట్టారో గానీ, వాళ్ల నోట్లో మన్ను పడ! రాయచోటిలో బోర్లన్నీ ఎండిపోయి ట్యాంకరే దిక్కయింది. పొద్దున్నే ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఇళ్లకు పోతారు. మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, ఆ చోటు ఆమెదే. దాన్ని ఎవరైనా పక్కకు జరిపారో, ఇక కార్గిలే.

నా మొగుడు శివశంకర్ చచ్చిపోయింది ఆ కార్గిల్ యుద్ధంలోనే. ఇంకా నాలుగేళ్లు కాలేదు. పెట్టె వచ్చిన రోజు ఈ వీధే ఏడ్చింది, ఈ వీధే పూలు చల్లింది. ఇప్పుడు ప్లాస్టిక్ బిందె కోసం అదే మాట అని పళ్లికిలిస్తోంది. నాకు ఒళ్లు మండిపోయేది.

అందరికంటే ఎక్కువగా అనేది పక్కింటి రెడ్డెమ్మ. ఒకరోజు ఉండబట్టలేక అందరి ముందరే అడిగేశాను.

"ఏమక్కా, మీ ఇంట్లో మనిషి పోయింటే ఇట్లనే నగుతాంటివా?"

"ఊరికే నోటికొచ్చిన మాట మే. దానికింత రాద్ధాంతమా?"

"నోటికి రాకుండా సూసుకో."

ఆ తర్వాత ఎవరూ ఆ మాట అనలేదు. నన్ను చూస్తే అసలు మాటలే ఆపేసేవాళ్లు. పీడా పోయింది అనుకున్నాను.

మార్చిలో ఇరాక్ మీద అమెరికా యుద్ధం మొదలైంది. రెడ్డెమ్మ కూతురు ఆ పక్కనే కువైట్‌లో ఒకరింట్లో పనికి పోయింది. కువైట్ మీద కూడా బాంబులు పడుతున్నాయని టీవీలో చెప్పినప్పటి నుంచి ఆ పిల్ల ఫోను చేయలేదు. రెడ్డెమ్మ ఎస్టీడీ బూత్ ముందే కూర్చుంటోంది.

ఆ వారమే ట్యాంకరు దగ్గర ఎవరిదో బిందె జరిగింది. రవికలు చినిగేదాకా కొట్టుకున్నారు.

"ఇరాక్ మొదలాయెనే!" అని వెనక నుంచి ఎవరో కేక పెట్టారు.

వీధంతా పకపకా నవ్వింది. రెడ్డెమ్మ నవ్వలేదు, నా వైపు చూసింది. నీకు అట్లనే కావల్ల అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె వరసలోంచి తన బిందె తీసుకుని వెళ్లిపోబోయింది.

"నోర్లు ముయ్యండే! ఆమె బిడ్డ ఆడ ఉండాది" అని అరిచాను.

వరసలో ముందున్నామె తన బిందె పైపు కింద పెట్టుకుంటూ నా వైపు విసుగ్గా తిరిగింది.

"నీ కార్గిల్ అనొద్దంటే మానుకుంటిమి గదమ్మా. ఇంగా ఏం కావల్ల నీకు?"