చెవులు కనిపించేలా

చిట్టి తల మీద అక్క తప్ప మరొకరు కత్తెర పెట్టింది లేదు. ఇంటి ముందుగదిలోనే అక్క బ్యూటీ పార్లర్: రెండు కుర్చీలు, గోడ పొడవునా అద్దం, ఎప్పుడూ స్ప్రే వాసన. చిన్నప్పుడు వచ్చిన జ్వరం చిట్టి వినికిడిని చాలావరకు పట్టుకుపోయింది. అప్పటినుంచి రెండు చెవులకూ మిషన్లే. స్కూల్లో పిల్లలు వెక్కిరించారని ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజున అక్క దాని జుట్టు ముందుకు దువ్వి చెవులు కప్పేసింది. ఇద్దరూ పెద్దవాళ్లయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. గాలికి వెంట్రుకలు లేవకుండా రోజూ పొద్దున్నే చెవుల దగ్గర స్ప్రే కొట్టి మరీ మందుల షాపు ఉద్యోగానికి పంపేది.

"స్ప్రే కొట్టేముందు మిషన్లు తీసెయ్యనా?" అని చిట్టి అడిగితే, "ఎందుకే, వచ్చినవాళ్లు చూస్తారు. ఉండనీ" అనేది.

ఒకరోజు చిట్టి మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. మొహం వాడిపోయి ఉంది.

"కుడిది మూగబోయిందక్కా. బ్యాటరీ మార్చినా పలకడం లేదు. ఎడమది నీళ్లలోంచి విన్నట్టుంది. ఒకాయన పన్ను నొప్పి అంటే వెన్ను నొప్పి అనుకుని ఆయింట్‌మెంట్ ఇచ్చాను. 'పళ్లకు రాసుకోమంటావా?' అన్నాడు. షాపంతా నవ్వింది."

అక్క అప్పటికప్పుడు పార్లర్ తలుపు వేసి, మిషన్లు బాగుచేసే ఆయన దగ్గరికి చెల్లెల్ని తీసుకెళ్లింది. ఆయన వాటిని భూతద్దం కింద పెట్టి, సన్న బ్రష్‌తో గీకి చూశాడు.

"మైకు రంధ్రాల మీద వార్నిష్ వేసినట్టు పట్టేసిందమ్మా. హెయిర్ స్ప్రే. దాని మీద నూనె, పౌడరు. జుట్టు ఎవరు చేస్తారు ఈ అమ్మాయికి?"

చిట్టికి వినపడలేదు. అక్కకు వినపడింది. "నేనేనండీ" అనలేక తన వేళ్లవైపు చూసుకుంది.

ఆయన కోప్పడలేదు. "తల పని మొదలుపెట్టే ముందే తీసి మూతున్న డబ్బాలో పెట్టండి. స్ప్రే, సెంటు, క్రీము అన్నీ అయిపోయి, జుట్టూ చెవులూ బాగా ఆరాక, చేతులు తుడుచుకుని అప్పుడు పెట్టుకోవాలి. డ్రయ్యర్ వేడి కూడా పడదు వీటికి" అన్నాడు. ఎడమది శుభ్రం చేసి ఇచ్చాడు. కుడిదానికి మైకు మార్చాలన్నాడు.

బస్టాపులో మాట చిట్టే కదిలించింది.

"జుట్టు కత్తిరించెయ్యి అక్కా. చెవుల పైదాకా."

"మతి పోయిందా? అందరికీ కనిపిస్తాయి!"

"కనిపించాలనే. కనిపిస్తే నావైపు తిరిగి మాట్లాడతారు. ఇన్నాళ్లూ నేను వినిపించుకోనిదాన్ననుకుంటున్నారు, వినపడనిదాన్నని తెలియక."

అక్కకు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం చెల్లెలి మీద కాదు, తన మీదేనని ఇల్లు చేరాక గానీ తెలియలేదు.

రెండో మిషన్ చేతికొచ్చాక, పార్లర్ సెలవు రోజున, చిట్టి వచ్చి కుర్చీలో కూర్చుంది. రెండూ తీసి చిన్న డబ్బాలో పెట్టి మూత బిగించింది. అక్క కత్తెర పట్టుకుంది కానీ చెయ్యి ముందుకు సాగలేదు. ఎలాగూ వినపడదు కదా అని వెనకనుంచి గొణిగింది.

"నిన్నెవరూ ఏమీ అనకూడదనే కదే ఇదంతా..."

"తెలుసులే" అంది చిట్టి. అక్క ఉలిక్కిపడింది. "అద్దంలో నీ పెదాలు కనిపిస్తున్నాయి. ఏడుపు తర్వాత, ముందు కత్తిరించు."

అక్కకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. కత్తెర కదిలింది. జుట్టు కుప్పగా నేల మీద పడింది. బయటపడ్డ చెవుల అంచులు ఎండ తగలక తెల్లగా, పసిపిల్ల చెవుల్లా ఉన్నాయి. తల కడిగి, ఆరబెట్టి, చెవుల వెనక తడి లేదని వేలితో తడిమి చూశాకే అక్క డబ్బా మూత తీసింది.

"ఏదైనా మాట్లాడు" అంది చిట్టి మిషన్లు తగిలించుకుని.

"ఏం మాట్లాడను?"

"హబ్బ! జుట్టు రాసుకునే గరగర లేదక్కా. నీ గొంతొక్కటే ఉంది."

మర్నాడు షాపులో కొందరు తేరిపార చూశారు. చాలామంది మాత్రం ఎదురుగా నిలబడి నిదానంగా మందు పేరు చెప్పారు.

ఆనాటి నుంచి అక్క, కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లనూ ముందుకొచ్చి అడగడం మొదలుపెట్టింది: "చెవి మిషన్లేమైనా ఉన్నాయా అండీ? ఉంటే తీసి పెడదాం." కొందరు నవ్వారు, కొందరు మూతి ముడిచారు. ఒక సాయంత్రం లెక్కల టీచరు వచ్చింది. పలకరిస్తే తలూపడమే తప్ప పలకదని ఆవిడకు పొగరుబోతని పేరు. అక్క ఆవిడనూ అడిగింది. టీచరు చెవి మీది జుట్టులోకి వేలు పోనిచ్చి చిన్న మిషన్ ఒకటి బయటికి తీసింది.

"ఎలా కనిపెట్టావు?"

"కనిపెట్టలేదండీ. అందర్నీ అడుగుతున్నాను."

"నువ్వు వెనక నిలబడి మాట్లాడితే నాకొక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అన్నిటికీ తలూపేదాన్ని."

"అయ్యో! అందుకేనా పోయినసారి అంత పొట్టిగా కత్తిరించనిచ్చారు?"

"కాఫీ కావాలా అని అడిగావనుకున్నాను."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. అక్క స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"మళ్లీ చెవికి పెట్టుకోండి టీచరు గారూ. ముందు తీరిగ్గా మాట్లాడుకుందాం. కత్తెర సంగతి తర్వాత."