తోక లేని టైగర్

బంగార్రాజు లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు. తోక ఊపేవాళ్ళు ఒక జాతి, తానొక్కడూ ఇంకో జాతి. బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ముప్పై నాలుగేళ్ళు ఇంజిన్లు విప్పి బిగించి అతను సంపాదించుకున్న జ్ఞానం ఇదొక్కటే. ఫోర్‌మన్‌కి నమస్తే పెట్టినవాడు తోక ఊపినట్టే. పెద్దసారు కూతురి పెళ్ళికి వెళ్ళి భోంచేసి వచ్చినవాడూ తోక ఊపినట్టే. బుధ్వారీ బజార్‌లో కూరగాయలమ్మే ఆవిడ 'ఆయియే భయ్యా' అని నవ్వుతూ పిలిచినా సరే, ముఖం చిట్లించుకుని పక్క కొట్టుకి పోయి, నవ్వని మనిషి దగ్గర పుచ్చు వంకాయలు కొనుక్కొచ్చే రకం.

తోక ఊపేవాళ్ళ జాబితాలో మొదటి పేరు పక్క క్వార్టర్ పైడిరాజుది. ఇద్దరి తండ్రులూ బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇదే షెడ్‌లో ఖలాసీలుగా చేరారు. కొడుకులిద్దరూ ఒకే కంచెకి అటూ ఇటూ పెరిగి, అదే షెడ్‌లో ఫిట్టర్లయ్యారు. పన్నెండేళ్ళ కిందట సూపర్‌వైజర్ పరీక్షలో పైడిరాజు పాసయ్యాడు, బంగార్రాజు తప్పాడు. పరీక్ష పెట్టిన ఆఫీసరుని 'ఇంజిన్ సంగతి నాకు తెలుసు, తమరికి తెలుసా' అని బంగార్రాజు ఎదురడిగిన సంగతి షెడ్ మొత్తానికీ గుర్తుంది. మరిచిపోయింది అతనొక్కడే. పైడిరాజు తోక ఊపి పైకెక్కాడని తీర్మానించేశాడు. ఆనాటి నుంచి పక్కింటి పలకరింపుకి ఇటువైపు నుంచి వచ్చే జవాబల్లా కాండ్రించి ఉమ్మడమే.

మూడేళ్ళ కిందట వాటర్ ట్యాంకు కింద ఒక వీధికుక్క పిల్లల్ని పెడితే, అందులో మట్టిరంగు పిల్లని ఇంటికి తెచ్చుకుని టైగర్ అని పేరు పెట్టాడు. నెల తిరగలేదు. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి కంచె అవతల పైడిరాజు గొంతుక్కూర్చుని బిస్కెట్ ముక్క చూపిస్తున్నాడు. కంచె ఇవతల టైగర్ తోకని తెగ ఊపేస్తోంది. బంగార్రాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

భార్య కనకం మీద ఒంటికాలి మీద లేచాడు. తన ఇంటి తిండి తిని వాడికి తోక ఊపుతుందా అన్నాడు. పసిదానికి ఏం తెలుస్తుందని కనకం అంటే, తెలిసేలా చేస్తానన్నాడు. బొబ్బిలి దగ్గర మామిడితోటల కాపలాకి తన తాత కుక్కలు పెంచేవాడట. పిల్లప్పుడే తోక తీసేస్తే కుక్క ఎవరికీ లొంగదని చెప్పేవాడట. ఆదివారం పూట, పెరట్లో, కనకం గుడికి వెళ్ళొచ్చేలోపల ఆ పని కాస్తా కానిచ్చేశాడు. పసుపు అద్ది గుడ్డ చుట్టాడు. కనకం మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. అతను పట్టించుకుంటేగా.

తోకంటే కుక్కకి నోటితో సమానం. కోపమొచ్చిందో, భయమేసిందో, ముద్దొచ్చిందో అది తోకతోనే చెప్పుకుంటుంది. టైగర్ ఎదురుపడితే కాలనీ కుక్కలకి దాని మనసేమిటో అంతుపట్టేది కాదు. అంతుపట్టకనే మీదపడి కరిచేవి. మనుషులూ అంతే. పిల్లలు ఆ గేటు ముందు నడవడం మానేసి అవతలి సందు చుట్టి వెళ్ళేవారు. పాలవాడు గిన్నె గోడ మీద పెట్టించుకుని దూరం నుంచే పోసేవాడు. ఇదంతా చూసి బంగార్రాజు మీసం మెలేసేవాడు. అతను ఇంట్లో అడుగు పెట్టగానే టైగర్ మంచం కిందకి పోయి, ముంగాళ్ళ మీద తల ఆనించి కదలకుండా పడుకునేది. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ మనిషికి ఆ కుక్క ఒక్కటే మిగిలింది. కనకం అతను లేనప్పుడు పైడిరాజు భార్యతో కబుర్లాడుతుందని అతనికి తెలుసు. కూతురు సౌమ్య తఖత్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగంలో చేరి, వచ్చిన ప్రతివాడినీ చూసి నవ్వడం నేర్చుకుంది. దాంతో అదీ జాబితాలో చేరిపోయింది. ఎవరి ముందూ ఊపని ప్రాణి, అచ్చంగా తనదైన ప్రాణి, ఈ భూమ్మీద టైగర్ ఒక్కటే. అది కూడా తనది కాకుండా పోతే ఆ మనిషి తట్టుకోలేడు.

ఈ మే నెలాఖరున పైడిరాజు రిటైరయ్యాడు. రిటైరైనవాణ్ణి ఆఖరి రోజున షెడ్ వాళ్ళంతా దండలేసి, ఢోల్ వాయించుకుంటూ ఇంటిదాకా దిగబెట్టి రావడం ఇక్కడి ఆనవాయితీ. ఎంత పడనివాడైనా ఆ ఒక్కరోజూ వెంట నడుస్తాడు. నాలుగు రోజుల ముందు పైడిరాజు స్వయంగా గేటు దగ్గరికొచ్చి పిలిచాడు. క్వార్టర్ ఖాళీ చేసి బిల్హాలో కట్టుకున్న ఇంటికి వెళ్ళిపోతున్నానని, చిన్నప్పటి పిలుపు వదలకుండా, బావ రాకపోతే బాగోదని అన్నాడు. పీడా పోయిందని బంగార్రాజు అతని ముఖం మీదే అని, ఆ రోజుకి పట్టుబట్టి సెలవు పెట్టాడు.

సాయంత్రం అయిదింటికి ఢోల్ చప్పుడు మలుపు తిరిగింది. బంగార్రాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టైగర్‌ని గొలుసుతో పక్కన కట్టుకున్నాడు. పదిహేను, ఇరవై మంది గులాల్ రంగు చల్లుకుంటూ వస్తున్నారు. వాళ్ళు నేరుగా పక్కింటికి పోతే గొడవే లేకపోయేది. కానీ పైడిరాజు చెయ్యెత్తి ఢోల్ ఆపించి, మెడలో బంతిపూల దండలతో, చేతిలో లడ్డూల డబ్బాతో ఈ గేటు వైపు తిరిగాడు. ఆఖరి రోజున కూడా ఊపడానికి తయారయ్యాడని బంగార్రాజు పళ్ళు నూరాడు. వంగి గొలుసు కొక్కెం మీద చెయ్యి వేశాడు.

లోపల్నుంచి కనకం పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఒగ్గకు. అంతమంది జనం ఉన్నారు, సంపీస్తారు దాన్ని."

"ఎవడు సంపుతాడో నానూ సూస్తాను," అని చెయ్యి విదిలించుకుని కొక్కెం తీసేశాడు.

టైగర్ బాణంలా దూసుకుపోయింది. చెవులు వెనక్కి వాల్చి, నోరు తెరిచి, ఏకంగా పైడిరాజు మీదకే. బంగార్రాజుకి ఛాతీ పొంగింది. మూడేళ్ళు పెంచినందుకు ఫలితం దక్కిందనుకున్నాడు. జనం చెల్లాచెదురయ్యారు. షెడ్‌లో కొత్తగా చేరిన మనీష్ అనే కుర్రవాడు మాత్రం పారిపోలేదు. దండలు తగిలించుకొచ్చిన వెదురు కర్ర అతని చేతిలో ఉంది. ఒక్క దెబ్బకి టైగర్ కుయ్యోమంటూ పల్టీ కొట్టింది. లేచి మళ్ళీ పైడిరాజు వైపే పాకింది. రెండో దెబ్బ వెనక కాలి మీద పడి, ఎముక విరిగిన చప్పుడు గుమ్మందాకా వినిపించింది.

ఆగమని ఒక్క కేక వేస్తే సరిపోయేది. బంగార్రాజు వెయ్యలేదు. భయంతో గొంతు పెగల్లేదని తరవాత అతను చెప్పుకున్నాడు గానీ అది అబద్ధం. కాలు విరిగినా వెనక్కి తగ్గని తన కుక్క పౌరుషాన్ని కళ్ళారా చూసుకుంటున్నాడు. దాని పళ్ళు పైడిరాజు పిక్కలో దిగే క్షణం కోసం కాచుకుని ఉన్నాడు.

మూడో దెబ్బ కుక్కకి తగల్లేదు. పైడిరాజు దాని మీద అడ్డంగా పడిపోయాడు. కర్ర అతని వీపు మీద పడింది.

"మత్ మారో," అని కొట్టొద్దని మనీష్‌ని వేడుకున్నాడు, ఊపిరి అందక. "కాటేగా నహీ. ఇది కరవదు, నాకాడికొస్తాంది."

మనీష్ కర్ర పారేశాడు. లడ్డూలు దుమ్ములో దొర్లాయి. పైడిరాజు మెల్లగా లేచి కూర్చుని కుక్కని ఒళ్ళోకి తీసుకున్నాడు. అది అతని గడ్డం నాకుతోంది. విరిగిన కాలు ఒక పక్కకి వేలాడుతున్నా, నడుము నుంచి వెనక భాగమంతా అటూ ఇటూ ఊగిపోతోంది. మొండెం చివర బొటనవేలంత తోకముక్క ఆగకుండా కొట్టుకుంటోంది. బంగార్రాజు తన కుక్కని అలా ఎన్నడూ చూడలేదు. గేటు దాటి వచ్చి, దాని ముందు వంగి, చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి దగ్గరికి రాగానే ఊగడం ఆగిపోయింది. టైగర్ ముంగాళ్ళ మీద తల ఆనించి, కళ్ళు దించుకుని, బిగుసుకుపోయి పడుకుంది. మంచం కింద పడుకున్నట్టే.

"నీకు తెలీదేటి బావా?" అన్నాడు పైడిరాజు. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. "నువ్వు డ్యూటీకెల్లినాక రోజూ కంచెకాడికొచ్చీది. తోక నేకపోతే ఏటి, ఒళ్ళంతా ఊపీది."

బంగార్రాజుకి ఒళ్ళు మండింది. ఈసారి ఎవరి మీద మండాలో తెలియక కనకం మీదకి తిరిగాడు. తన తిండి తిని వాడికి ఊపిందే గాని, తనకి ఒక్కనాడైనా ఊపిందా అని అంతమంది ముందూ గట్టిగా అడిగేశాడు.

కనకం కుక్క పక్కన కూలబడి దాని తల నిమురుతోంది. తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"ఎందుకూపనేదు. తోక తీసీసినాక కూడా, నువ్వొచ్చే ఏలకి గుమ్మంలో నిలబడి నీకే ముందు ఊపీది. మళ్ళీ ఎవడికి ఊపుతన్నావని తన్నీవోడివి. నాలుగు దినాలు తన్నులు తిని మానీసింది."

ఢోల్ వాయించేవాడు వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు. పైడిరాజు దండలు తీసి పక్కన పెట్టి, కుక్కని రెండు చేతులా ఎత్తుకుని, పశువుల ఆసుపత్రికి పోనిమ్మన్నాడు. కనకం అతని పక్కన ఎక్కి కూర్చుంది. రివర్స్ చేసుకోవాలి, కాస్త జరగమని ఆటోవాడు బంగార్రాజుకి హారన్ కొట్టాడు. అతను జరిగాడు.